ఆరు బయల్దేరితే రెండే చేరాయి: ఇంటి నెట్‌వర్క్ మీద సరౌండ్ సంగీతం, ఒక కేస్ స్టడీ

ఇళ్లలో హోమ్ థియేటర్లు, వాటి వెనకుండే నెట్‌వర్కులు సరిచేయడం నా పని. ఈ కేసు రాసి పెట్టుకోవడానికి ఒక కారణం ఉంది. మధ్యలో ఒకసారి "అయిపోయిందండీ" అని చెప్పి బ్యాగు సర్దుకుని వచ్చేశాను. అవ్వలేదు. ఇంటివాళ్ల వివరాలు, పరికరాల పేర్లు తీసేశాను. నా తప్పులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను.

నేపథ్యం

ఆ ఇంటి యజమానికి సరౌండ్ సంగీతం (చుట్టూ ఉన్న స్పీకర్లలో ఒక్కోదానికి వేరే శబ్దం వెళ్లేది) అంటే ప్రాణం. డీవీడీ-ఆడియోలు, ఎస్‌ఏసీడీలు, బ్లూ-రే ఆడియోలు, కొన్ని పాత డీటీఎస్ సీడీలు, ఇలా ఏళ్లుగా పోగుచేసుకున్న డిస్కులన్నిటినీ ఓపిగ్గా, నాణ్యత పోకుండా కుదించే ఫ్లాక్ ఫైళ్లుగా మార్చుకున్నారు. ఎక్కువ భాగం 5.1 ఛానళ్లు (ఐదు స్పీకర్లకు ఐదు, సబ్‌వూఫర్‌కు ఒకటి), 24 బిట్, 96 కిలోహెర్ట్జ్. ఫైళ్లున్న ఎన్‌ఏఎస్ (నెట్‌వర్క్‌కు తగిలించిన నిల్వ పెట్టె) ఆయన చదువుకునే గదిలో ఉంటుంది. రిసీవర్ (శబ్దాన్ని విప్పి స్పీకర్లకు పంచే యాంప్లిఫయర్ పెట్టె), ఐదు స్పీకర్లు, సబ్‌వూఫర్, టీవీ ఇంటికి ఆ చివర హాల్లో ఉంటాయి. మధ్యలో రెండు గోడలు. రిసీవర్‌లోనే నెట్‌వర్క్ సదుపాయం ఉంది కాబట్టి ఫోన్‌లో ఆల్బమ్ ఎంచుకుంటే ఎన్‌ఏఎస్ నుంచి డీఎల్‌ఎన్‌ఏ (ఇంట్లోని పరికరాలు పాటలు, వీడియోలు పంచుకునే పద్ధతి) ద్వారా రిసీవర్‌కు పాట వెళ్లేది. అంతా వైఫై మీదే.

ఆయన చెప్పిన సమస్య

"రెండు కంప్లయింట్లండీ. పాట మధ్యమధ్యలో తెగిపోతోంది. వెనక స్పీకర్లు పలకట్లేదు, పోయినట్టున్నాయి. మార్చేయమంటారా?"

నాకంటే ముందు వచ్చిన ఎవరో రౌటర్ మార్చారు. అదీ చాలదని హాల్లో ఇంకో రౌటర్ పెట్టి, ఎక్స్‌టెండర్ లాగా వాడుకోమన్నారు. అప్పట్నుంచి మూడో కంప్లయింట్ తోడైంది: ఒక్కోసారి రిసీవర్‌కు ఎన్‌ఏఎస్ అసలు కనిపించదు.

స్పీకర్లు పోయాయా లేదా అన్నది తేల్చడానికి రెండు నిమిషాలు చాలు. రిసీవర్‌కు డిస్క్ ప్లేయర్ హెచ్‌డీఎంఐతో తగిలించి ఉంది. అదే ఆల్బమ్ డిస్కు వేయమన్నాను. వెనక స్పీకర్లు శుభ్రంగా పలికాయి. రిసీవర్ డిస్‌ప్లే మీద "మల్టీ ఛానల్" అని వచ్చింది. నెట్‌వర్క్ నుంచి అదే పాట పెడితే "స్టీరియో" అని వచ్చింది. అంటే స్పీకర్లు, వైర్లు, రిసీవర్ యాంప్లిఫయర్ అన్నీ బాగానే ఉన్నాయి. ఆరు ఛానళ్లు దారిలో ఎక్కడో రెండైపోతున్నాయి.

ఇక్కడ ఒక నిర్ణయం తీసుకున్నాను. తెగిపోవడం, స్టీరియో కావడం ఈ రెండింటినీ విడివిడిగా చూడాలి. తెగిపోవడం రవాణా సమస్య. స్టీరియో కావడం అనువాద సమస్యలాంటిది. రెండింటినీ ఒకేసారి కెలికితే దేనివల్ల ఏది మారిందో తెలియదు. ముందు తెగిపోవడం సంగతి చూద్దామనుకున్నాను, ఎందుకంటే పాట నిలకడగా రాకపోతే మిగతా పరీక్షలేవీ నమ్మలేం.

తెగిపోవడం: ముందు లెక్క

ఆరు ఛానళ్లు, ఒక్కొక్కటి 24 బిట్లు, సెకనుకు 96,000 సార్లు. గుణిస్తే సెకనుకు 13.8 మెగాబిట్లు. ఫ్లాక్ కుదింపు వల్ల ఇది సుమారు సగానికో, మూడింట రెండొంతులకో తగ్గుతుంది. 192 కిలోహెర్ట్జ్ ఫైలైతే కుదించక ముందు 27.6. మామూలు సీడీ స్టీరియో 1.4 మాత్రమే కాబట్టి, ఆయన వైఫై మీద స్టీరియో పాటలు ఎప్పుడూ తెగకపోవడంలో వింత లేదు.

వైఫై ఎంత ఇస్తోందో ఐపెర్ఫ్ అనే వేగం కొలిచే ప్రోగ్రామ్‌తో కొలిచాను. సగటు చూస్తే 20 మెగాబిట్లు దాటింది. సగటు చూసి వదిలేస్తే "సరిపోతుందిగా" అనిపిస్తుంది. కానీ సెకను సెకనుకీ వచ్చే వరస చూస్తే 25, 24, 26, ఉన్నట్టుండి 3, 2, మళ్లీ 24. సంగీతానికి సగటుతో పని లేదు, ఆ 2తోనే పని. రిసీవర్‌లో కొన్ని సెకన్లకు సరిపడా బఫర్ (ముందుగా తెచ్చి దాచుకున్న పాట) ఉంటుంది. ఆ గుంట బఫర్ కన్నా పొడుగైతే పాట ఆగిపోతుంది. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మీద రెండు గోడలు దాటి, చుట్టుపక్కల నెట్‌వర్కులతో పోటీపడి వస్తున్న సిగ్నల్ ఇంతకన్నా నిలకడగా ఉండదు. 5 గిగాహెర్ట్జ్‌కు మారిస్తే గోడల దగ్గరే చాలావరకు ఆగిపోతోంది.

ఎక్కడివక్కడే ఉండే రెండు పెట్టెల మధ్య వైఫై ఎందుకన్నది నా పాత వాదన. గోడ వారగా క్యాట్ 5ఇ కేబుల్ లాగాం. ఈ కేబుల్‌కు 100 మీటర్ల దాకా అనుమతి ఉంది, ఇంట్లో అందులో మూడో వంతు కూడా పట్టలేదు. 100 మెగాబిట్ పోర్టే ఉన్నా మన 27.6 సులువుగా పోతుంది. తెగిపోవడం ఆ రోజుతో ఆగింది.

ఎన్‌ఏఎస్ కనిపించకపోవడానికి కారణం ఆ రెండో రౌటర్. అది తనకంటూ వేరే ఐపీ శ్రేణి పంచుతోంది. డీఎల్‌ఎన్‌ఏ పరికరాలు ఒకదాన్నొకటి వెతుక్కోవడానికి 239.255.255.250 అనే మల్టీకాస్ట్ (ఒకేసారి చాలా పరికరాలకు చేరే) చిరునామాకు కేకేస్తాయి. ఆ కేక మామూలుగా రౌటర్ దాటదు. రిసీవర్ ఒక్కోసారి ఈ రౌటర్‌కు, ఒక్కోసారి ఆ రౌటర్‌కు తగులుకునేది కాబట్టే ఒక రోజు కనిపించి ఇంకో రోజు మాయమయ్యేది. రెండోదాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి (వైఫై మాత్రమే ఇచ్చేలా) మార్చి, ఐపీ చిరునామాలు పంచే దాని డీహెచ్‌సీపీ ఆపేశాను. ఇల్లంతా ఒకే నెట్‌వర్క్ అయింది.

స్టీరియో: మొదటి ప్రయత్నం, మొదటి ఎర్రర్

ఇప్పుడు పాట నిలకడగా వస్తోంది. రెండు ఛానళ్లే.

ఎన్‌ఏఎస్ సర్వర్ లాగ్ తెరిచి చూస్తే సంగతి బయటపడింది. రిసీవర్ తనకు ఏయే ఫార్మాట్లు తెలుసో నెట్‌వర్క్‌లో చెప్పుకుంటుంది. ఆ జాబితా చూసి సర్వర్ ఈ ఆరు ఛానళ్ల ఫైలును తనే రెండు ఛానళ్ల పీసీఎంగా (కుదించని శబ్దంగా) మార్చి పంపుతోంది. ఎవరూ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు.

సర్వర్‌లో ఈ మార్పిడిని, అంటే ట్రాన్స్‌కోడింగ్‌ను, ఆపేశాను. పాట పెట్టాం. రిసీవర్ "ఈ ఫైలు ప్లే చేయలేను" అంది. ఆయన మొహం వాడిపోయింది. నాకు మాత్రం సంతోషమేసింది. ఈ మొత్తం వ్యవహారంలో ఏదో ఒక పరికరం నిజం చెప్పడం అదే మొదటిసారి. ఫ్లాక్ ఫార్మాట్‌లో 8 ఛానళ్ల దాకా వీలుంది కానీ, ఈ రిసీవర్ నెట్‌వర్క్ భాగం రెండు ఛానళ్ల ఫ్లాక్‌నే విప్పగలదు. మాన్యువల్ చివరి పేజీల్లో, ఫార్మాట్ల పట్టిక కింద, చిన్న అక్షరాల్లో ఆ మాట ఉంది. హెచ్‌డీఎంఐ ద్వారా 7.1 పుచ్చుకునే రిసీవరే నెట్‌వర్క్ ద్వారా స్టీరియో దాటదంటే ఆయన నమ్మలేదు. పెట్టె ఒకటే అయినా లోపల ఆ రెండు దారులూ వేరు.

బ్లూటూత్, ఫోన్ నుంచి నేరుగా పంపడం లాంటివాటి గురించి కూడా అడిగారు. ఈ ఇంట్లో ఉన్న ఆ దారులన్నీ స్టీరియోవే. వాటి మీద టైమ్ పెట్టలేదు.

రెండో ప్రయత్నం: నేను పొరబడ్డ చోటు

"కొత్త పెట్టె ఏదీ వద్దండీ, టీవీలో యాప్ ఉందిగా" అన్నారు. సబబే. టీవీలోని ప్లేయర్ ఎన్‌ఏఎస్ నుంచి ఫైలు తీసుకుని, హెచ్‌డీఎంఐ ఆర్క్ (టీవీ శబ్దాన్ని అదే కేబుల్‌లో వెనక్కి పంపే దారి) ద్వారా రిసీవర్‌కు పంపేలా పెట్టాను. పాట మొదలైంది. వెనక స్పీకర్ దగ్గరకు వెళ్లి చెవి ఆనించాను. పలుకుతోంది. సెంటర్ పలుకుతోంది. ఆయన కూడా తలూపారు. అయిపోయిందన్నాను.

వారం తర్వాత ఫోన్. "ఏదో తేడా ఉందండీ. ఈ పాటలో గిటార్ వెనక ఎడమ పక్క నుంచి ఒంటరిగా రావాలి. డిస్కులో అలాగే వస్తుంది. ఇందులో గిటార్ ముందు నుంచి వస్తోంది. వెనక దాని నీడ వస్తోంది."

"నీడ" అన్న మాట వినగానే నాకు చెమట పట్టింది. వెళ్లి రిసీవర్ రిమోట్‌లో ఇన్ఫో బటన్ నొక్కాను. లోపలికి వస్తున్నది: పీసీఎం, 2.0. బయటికి పోతున్నది: 5.1. రిసీవర్ ఆ ఇన్‌పుట్ మీద అప్‌మిక్స్ మోడ్‌లో ఉంది. రెండు ఛానళ్లలో ఉమ్మడిగా ఉన్నది సెంటర్‌కు, తేడాగా ఉన్నది వెనక్కి తోసి, తనే ఐదు ఛానళ్లు పుట్టిస్తోంది. నేను చెవి ఆనించి విన్నది ఆ పుట్టించిన శబ్దమే.

ఆర్క్ అసలు మల్టీ ఛానల్ పీసీఎం మోయదు. ఆప్టికల్ కేబుల్ లాగే రెండు ఛానళ్ల పీసీఎం గానీ, డాల్బీ డిజిటల్, డీటీఎస్ లాంటి కుదించిన 5.1 గానీ తీసుకెళ్తుంది, అంతే. సినిమాలు ఆ దారిలో 5.1గానే రావడం వల్ల, పాటలూ వస్తాయని అనుకోవడం తేలిక. హెచ్‌డీఎంఐ 2.1తో వచ్చిన ఇ-ఆర్క్ అయితే 8 ఛానళ్ల పీసీఎం మోస్తుంది. ఈ ఇంట్లో టీవీకి గానీ రిసీవర్‌కు గానీ అది లేదు. నాకు ఇవన్నీ తెలుసు. తెలిసి కూడా, స్పీకర్ పలుకుతోంది కదా అని ఊరుకున్నాను.

ఇక్కడ ఒక మధ్యేమార్గం ఉంది. పాటను సర్వర్‌లోనే అప్పటికప్పుడు డాల్బీ డిజిటల్‌గా మార్చి, గరిష్ఠంగా 640 కిలోబిట్లలో ఆర్క్ మీద పంపొచ్చు. నిజమైన 5.1 వస్తుంది, కొత్త పెట్టె అక్కర్లేదు. చాలా ఇళ్లలో నేను ఇదే చెబుతాను, ఎవరూ తేడా పట్టలేదు కూడా. ఆయనకు వినిపించాను. బాగుందన్నారు. కాసేపాగి, "ఇంత కష్టపడి ఫ్లాక్ చేసుకుంది మళ్లీ పిండేయడానికా?" అన్నారు. అది చెవికి సంబంధించిన ప్రశ్న కాదు, మనసుకు సంబంధించినది. వాదించలేదు.

మూడో ప్రయత్నం, ఒక వింత

ఆయన దగ్గరే మూలనపడ్డ మినీ కంప్యూటర్ ఉంది. దాంట్లో లినక్స్ వేసి, హెచ్‌డీఎంఐని టీవీకి కాకుండా నేరుగా రిసీవర్‌కు పెట్టాను. హెచ్‌డీఎంఐ మొదటి వెర్షన్ నుంచే 8 ఛానళ్ల పీసీఎం మోస్తుంది. కాబట్టి దారి ఖాయం.

తొందరపడి, ఫ్లాక్‌ను విప్పి ముడి శాంపిళ్లను నేరుగా ఆల్సాకు (లినక్స్‌లో శబ్దం చూసుకునే భాగానికి) పంపే చిన్న స్క్రిప్ట్ రాశాను. రిసీవర్ మీద "మల్టీ ఛానల్" అని వెలిగింది. పాట మొదలైంది. గాయని గొంతు వెనక ఎడమ స్పీకర్ నుంచి వచ్చింది. సబ్‌వూఫర్ గుడగుడలాడింది. సెంటర్‌లో గిటార్.

ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు గానీ, కారణం మాత్రం వెంటనే తట్టింది. ఫ్లాక్‌లో ఛానళ్ల వరస ఇది: ముందు ఎడమ, ముందు కుడి, సెంటర్, ఎల్‌ఎఫ్‌ఈ (సబ్‌వూఫర్‌కు వెళ్లేది), వెనక ఎడమ, వెనక కుడి. ఆ కంప్యూటర్‌లో ఆల్సా అనుకునే వరస వేరు: ముందు ఎడమ, ముందు కుడి, వెనక ఎడమ, వెనక కుడి, సెంటర్, ఎల్‌ఎఫ్‌ఈ. మూడో స్థానంలో ఉన్న గొంతు వెనక్కి పోయింది. ఐదో స్థానంలోని గిటార్ సెంటర్‌కు వచ్చింది. ఆరోదైన వెనక కుడి ఛానల్ సబ్‌వూఫర్‌లో పడింది. చక్కగా రాసిన ప్లేయర్ సాఫ్ట్‌వేర్ ఈ వరసలు తనే సర్దుతుంది. నా స్క్రిప్ట్‌కు అంత తెలివి లేదు. దాన్ని తీసేసి మామూలు మీడియా ప్లేయర్ పెట్టాను. దాంట్లోనూ "ఛానళ్ల సంఖ్య" అనే సెట్టింగ్ 2.0 మీద ఉంది. 5.1 చేశాను.

ఆ పూట నేను చెవిని నమ్మలేదు. ఆరు ఛానళ్ల పరీక్ష ఫైలు ఒకటి తయారుచేశాను. "ముందు ఎడమ", "సెంటర్", "వెనక కుడి" అంటూ ఒక్కో ఛానల్‌లో దాని పేరు మాత్రమే ఉంటుంది. గొంతు ఆయన మనవరాలిది, ఫోన్‌లో రికార్డ్ చేశాం. ఎల్‌ఎఫ్‌ఈకి గొంతు పనికిరాదు కాబట్టి 50 హెర్ట్జ్ టోన్ పెట్టాను. రిసీవర్ అప్‌మిక్స్ మోడ్‌ను ఆపేసి, దాన్ని "డైరెక్ట్"లో పెట్టి, ఈ ఫైలు వేశాం. "వెనక ఎడమ" అన్న మాట వెనక ఎడమ నుంచే రావాలి, ఇంకెక్కడా పలకకూడదు. అలాగే వచ్చింది. అదే ఫైలును పాత టీవీ దారిలో వేసి చూపించాను. "వెనక ఎడమ" అన్న మాట ముందు ఎడమ స్పీకర్ నుంచి వచ్చింది, సబ్ టోన్ అసలు రాలేదు. ఛానళ్లు తగ్గించే చాలా డౌన్‌మిక్స్‌లలో ఎల్‌ఎఫ్‌ఈని వదిలేస్తారు. ఈ ఫైలు మొదటి రోజే నా దగ్గర ఉండుంటే ఆ వారం వృథా అయ్యేది కాదు.

"పొద్దున స్టీరియో, సాయంత్రం సరౌండ్"

నాలుగు రోజులు బాగుంది. ఐదో రోజు మెసేజ్: పొద్దున పెడితే స్టీరియో వస్తోంది, సాయంత్రం మాత్రం బాగుంటోంది.

టైమ్‌ను బట్టి మారే లోపానికి కారణం సాధారణంగా ఆ సమయానికి ఇంట్లో జరిగే ఏదో ఒక పనే. సెట్టింగ్ ముట్టుకోకుండా, పొద్దున ఏం చేస్తారో వరసగా చేసి చూపించమన్నాను. ముందు మినీ కంప్యూటర్ ఆన్ చేస్తారు. ఫోన్‌లో ఆల్బమ్ వెతుక్కుంటారు. చివర్లో రిసీవర్ ఆన్ చేస్తారు. సాయంత్రం టీవీ చూస్తూ ఉంటారు కాబట్టి రిసీవర్ అప్పటికే ఆన్‌లో ఉంటుంది.

హెచ్‌డీఎంఐలో అవతలి పరికరం తను ఎన్ని ఛానళ్లు పుచ్చుకోగలదో ఈడీఐడీ అనే చిన్న పట్టికలో చెబుతుంది. లినక్స్‌లో దాని ఆడియో భాగాన్ని ఈఎల్‌డీ ఫైల్లో చదవొచ్చు. రిసీవర్ ఆన్‌లో ఉండగా చదివాను: ఎల్‌పీసీఎం (అదే పీసీఎం), ఛానళ్లు 8. స్టాండ్‌బైలో పెట్టి మళ్లీ చదివాను: ఎల్‌పీసీఎం, ఛానళ్లు 2. స్టాండ్‌బైలో ఉన్నప్పుడు ఈ రిసీవర్ పక్కకు తప్పుకుని టీవీ పట్టికను చూపిస్తోంది. ఆ సమయంలో మొదలైన ప్లేయర్ "అవతల స్టీరియో టీవీ ఉంది" అనుకుని, తర్వాత రిసీవర్ లేచినా అదే పట్టుకుని కూర్చుంటోంది.

రిసీవర్ ముందు ఆన్ చేయండి అని చీటీ రాసి అంటించడం ఒక పరిష్కారం. కానీ చీటీ వారానికి మించి పనిచేయదని నా అనుభవం. స్టాండ్‌బై పాస్‌త్రూ (రిసీవర్ స్టాండ్‌బైలో ఉన్నా సిగ్నల్‌ను టీవీకి దాటించడం) ఆపేయడం ఇంకొకటి. అలా చేస్తే రిసీవర్ ఆన్ చేయకుండా మినీ కంప్యూటర్‌లోని ఫొటోలు టీవీలో చూడలేరు, వాళ్లకు ఆ అలవాటుంది. చివరికి హెచ్‌డీఎంఐ పట్టిక మారగానే ప్లేయర్ తనంతట తను మళ్లీ మొదలయ్యేలా పెట్టాను. రిసీవర్ ఆన్ చేసిన ఐదారు సెకన్లకు అంతా సర్దుకుంటుంది.

దీని తర్వాత నేను మార్చుకున్నవి

ఈ కేసులో నెట్‌వర్క్ పాడైతే పాట ఆగింది, అందరికీ తెలిసింది. ఛానళ్లు పోయిన చోట మాత్రం ఏ పరికరమూ ఆగలేదు. సర్వర్ తగ్గించింది, టీవీ తగ్గించింది, స్టాండ్‌బైలో ఉన్న రిసీవర్ తగ్గించేలా చేసింది, పైగా అప్‌మిక్స్ దాన్ని కప్పిపెట్టింది. అందుకే ఇప్పుడు ఏ ఇంటికెళ్లినా అప్‌మిక్స్‌ను మొదట ఆపేస్తాను. రిసీవర్‌లో బయటికి పోయేది కాకుండా లోపలికి వచ్చేది చదువుతాను. పరీక్ష ఫైలును పరికరాలన్నీ స్టాండ్‌బైలోంచి లేపి ఒకసారి, వరస తిరగేసి ఇంకోసారి వేస్తాను. స్పీకర్లకు చెవి ఆనించడం మానేశాను. కుర్చీలో కూర్చునే వింటాను.

రవాణాకు ముందు లెక్క, తర్వాత కొలత అన్న క్రమం పాతదే, దాన్ని మార్చలేదు.

ఒక్క విషయం ఇంకా పెండింగ్‌లో ఉంది. ఆ పాత డీటీఎస్ సీడీలు. వాటిలో 5.1 సంగీతం మామూలు 44.1 కిలోహెర్ట్జ్ స్టీరియో వేషంలో దాక్కుని ఉంటుంది. ఒక్క బిట్టు మారకుండా రిసీవర్ దాకా చేరితే రిసీవర్ గుర్తుపట్టి విప్పుతుంది. మధ్యలో ఎవరైనా వాల్యూమ్ కొంచెం ముట్టుకున్నా చాలు, సంగీతం బదులు బుస్సుమనే హోరు వస్తుంది. ఫోన్ యాప్‌లో వాల్యూమ్ 90 శాతం మీద ఉండగా ఆయన ఒకటి పెట్టారట, పక్క గదిలో నిద్రపోతున్నవాళ్లు లేచి వచ్చారు. వాటిని ఒక్కసారి విప్పేసి మామూలు 5.1 ఫ్లాక్‌గా భద్రపరిస్తే గొడవ ఉండదు. ఎలాగో చూపించాను. రోజుకో డిస్కు చొప్పున ఆయనే చేసుకుంటున్నారు. అప్పటిదాకా మిగిలినవన్నీ ఎన్‌ఏఎస్‌లో "ముట్టుకోవద్దు" అనే ఫోల్డర్‌లో ఉన్నాయి.